డబ్బాల గది గడప

మా బడిలో పిల్లలు నన్ను ఉరుము టీచర్ అంటారు. నాకు వినపడదనుకుని అంటారు, పాపం. నాలుగో తరగతికి పాఠాలు చెప్పి చెప్పి గొంతు పెరిగింది, గొంతుతో పాటు కోపమూ పెరిగింది. అది నా ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం నాకు చేతకాదు. అందుకని ఈ కథ మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలు అనేస్తే ఏమీ అనుకోకండి. అయినా ఇది నా కథ కాదు. నా క్లాసు గోడకు అవతలి గదిలో పనిచేసిన డబ్బాల టీచర్ కథ.

అవతలిది మొదట్లో క్లాసు గదే కాదు. కాళ్ళు విరిగిన బెంచీలూ, చినిగిన మ్యాపులూ, తిరగని ఫ్యానూ పడేసుకునే కొట్టుగది. చదువులో వెనకబడ్డ పిల్లలకు సాయం చేసే ప్రోగ్రాం ఒకటి మా బడికి వచ్చినప్పుడు పెద్దసారు దాన్నే ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, 'సపోర్ట్ రూం' అని బోర్డు తగిలించారు. స్టాఫ్ రూంలో కొందరు మహానుభావులు దానికి 'మొద్దుల గది' అని పేరు పెట్టారు. ఆ రోజు నేను అరిచిన అరుపుకి అటెండర్ టీ గ్లాసులు కింద పెట్టేసి బయటికి పోయాడు. మళ్ళీ నా ముందు ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఆ గదికి టీచరుగా వచ్చిన మనిషిని మొదటిరోజు గేటు దగ్గరే ఆపేశారు. రెండు చేతుల్లో రెండు గోనెసంచులు, అడుగు తీసి అడుగు వేస్తే లొడలొడ చప్పుడు. "పాతసామాన్లు కొనేవాళ్ళు లోపలికి రాకూడదమ్మా" అన్నాడు గేటు దగ్గర తాత.

"కొనేదాన్ని కాదు తాతా, అమ్మేదాన్ని. అక్షరాలు అమ్ముతా, కావాలా?" అంది ఆవిడ. ఆయన నవ్వి గేటు తీసేశాడు.

సంచుల నిండా రేకు డబ్బాలు. అన్నీ పాత బిస్కెట్ డబ్బాలే, అన్నీ ఒకటే సైజు. రంగు వెలిసిపోయి, సొట్టలు పడి ఉన్నాయి. ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో తాళంచెవులు, ఒకదాంట్లో గవ్వలు, ఇంకోదాంట్లో దారం అయిపోయిన రీళ్ళు, సీసా మూతలు, గులకరాళ్ళు. ఆ సాయంత్రానికే ఆవిడకు బడంతా డబ్బాల టీచర్ అని పేరు ఖాయమైపోయింది.

ఆవిడ చిన్నప్పుడు పదో తరగతి తప్పింది. ఒకసారి తప్పితే సర్దుకునేవారేమో, పదేపదే తప్పింది. వాళ్ళ నాన్న విసిగిపోయి గుండీలూ లేసులూ అమ్మే కొట్లో పనికి పెట్టాడు. కౌంటర్ వెనక నిలబడి గుండీల్ని సైజును బట్టి, రంగును బట్టి, కన్నాలను బట్టి ఏరి డబ్బాల్లో పొయ్యడం, డబ్బాల మీద చీటీలు అంటించడం, అదీ పని. "ఆ చీటీలు రాస్తుంటేనే నాకు చదువొచ్చిందక్కా. పుస్తకంలో ఉన్నన్నాళ్ళూ అక్షరం నా మొహం చూసేది కాదు. డబ్బా మీదకొచ్చాక చుట్టమైపోయింది" అనేది నాతో. తర్వాత ప్రైవేటుగా కట్టి పదీ, ఆ పైవీ, చివరికి టీచర్ ట్రైనింగూ గట్టెక్కింది. కొట్టు మూసేసే రోజున యజమాని ఏం కావాలో పట్టుకుపొమ్మంటే అద్దాల బీరువా ఉండగా ఈ డబ్బాలు పట్టుకొచ్చుకుంది.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, "నచ్చినవాడు అడగలేదు, అడిగినవాడు నచ్చలేదు" అని నవ్వేసేది. చెల్లెలి ఇంట్లో ఉండేది. హాల్లో పడక. మరిది టీవీ కట్టేసేదాకా పడుకోవడానికి లేదు, మరిది లేచాక పడుకునుండటానికి లేదు. ఎక్కడా కాలు చాపుకుని కూర్చునే చోటు లేని మనిషికి తనదంటూ ఉన్న గది మా బడిలో ఆ ఒక్కటే. దాన్ని ఆవిడ ఊడ్చుకునే తీరు చూస్తేనే ఆ సంగతి తెలిసిపోయేది.

ఆవిడ పద్ధతి వారానికో డబ్బా. సోమవారం ఒకరు మూత తీస్తారు. తీసేముందు ఊపి, చెవి దగ్గర పెట్టుకుని, బరువు చూసి లోపలేముందో అందరూ ఊహించాలి. మర్నాటి నుంచి లోపలివి ఏరడం, జతలు పెట్టడం, పేర్లు చెప్పడం, ఆ పేర్లు చీటీల మీద రాయడం. శుక్రవారం వాటితో కథ. ఈ తాళంచెవి ఏ తలుపుది? తలుపు వెనక ఎవరున్నారు? ఏం చేస్తున్నారు? ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం గట్టిగా చెప్పాలి. గట్టిగా అంటే నిజంగానే గట్టిగా. ఆ గదిలో గొంతు దాచుకోకూడదు, అదే రూలు.

ఇవతల నేను భాగహారాలు చెప్తుంటే అవతల నుంచి "తలుపు వెనక దెయ్యం ఉంది!" అని కేకలు. నా పిల్లలు శేషం సంగతి వదిలేసి దెయ్యం ఏం చేసిందోనని చెవులు రిక్కించేవాళ్ళు. నా తల ప్రాణం తోకకొచ్చేది. ఓసారి ఒళ్ళు మండి గోడ మీద స్కేలుతో టక్ టక్ మని కొట్టాను. ఆవిడ అట్నుంచి తిరిగి టక్ టక్ మని కొట్టి "సరే అక్కా!" అని అరిచింది. నోరు ముయ్యమని నేను కొడితే ఈవిడ అరవడమేమిటో! అప్పట్నుంచి మా ఇద్దరికీ అదో సరదా అయిపోయింది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎవరి సాయమూ లేకుండా ఒక పేజీ చదవగలిగిన రోజున ఆ పిల్లో పిల్లాడో గది గడప మీద నిలబడి, వరండా వైపు తిరిగి, ఆ పేజీ చదవాలి. మేమంతా క్లాసులు ఆపి బయటికొచ్చి వినాలి. అయిపోగానే చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య గడప దాటి వచ్చి తన క్లాసులో కూర్చోవాలి. ఇక ఆ గదికి రావడం ఉండదు. చదువొచ్చినవాళ్ళకు సపోర్ట్ రూంలో చోటు లేదని ప్రోగ్రాం వాళ్ళ నియమం. ఆ పొడి నియమాన్ని ఆవిడ ఒక సంబరం చేసింది. పిల్లలు ఆ గడప దాటడానికి తహతహలాడేవాళ్ళు. ఒక్క గుసగుస తప్ప.

గుసగుస అన్నది నేను పెట్టిన పేరే. నా నాలుగో తరగతి పిల్లే, హాజరు నా దగ్గర, కూర్చునేది మాత్రం అవతలి గదిలో. బక్కపలచని ఆడపిల్ల, జడ ఎప్పుడూ ఒకవైపుకు పోయి ఉండేది. ఏం అడిగినా పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. ఒకటో తరగతిలో ఉండగా తల్లి జ్వరంతో పోయింది. తండ్రి ఏదో గోడౌన్‌కి రాత్రి కాపలా. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, దానికి నీళ్ళు పోసి, వచ్చీరాని చేతుల్తో జడ వేసి, బడికి పంపి అప్పుడు పడుకుంటాడు. ఉన్నది ఒకటే గది. సెలవురోజుల్లో అది ఆ గదిలోనే మునివేళ్ళ మీద నడుస్తూ, గిన్నె చప్పుడు కాకుండా కింద పెడుతూ, గుసగుసగా మాట్లాడుకుంటూ గడిపేది. "నాన్నకి నిద్ర చాలకపోతే డ్యూటీలో కళ్ళు మూతపడతాయి. పనిలోంచి తీసేస్తారు" అని పెద్దమనిషిలా చెప్పేది, అదీ గుసగుసగానే. గొంతే వినపడని పిల్లకు చదవడం వచ్చో రాదో ఎవరికి తెలుస్తుంది? రాదని తేల్చి రెండో తరగతిలోనే అవతలికి పంపేశారు.

ఒక శుక్రవారం డబ్బాల టీచర్ పరుగెత్తుకుంటూ నా క్లాసులోకి వచ్చింది. "అక్కా, విన్నారా? విన్నారా?" అని నా భుజం పట్టుకుని ఊపేసింది. తాళంచెవుల వారం అది. తలుపు వెనక ఎవరున్నారని అడిగితే, "తలుపు వెనక మా అమ్మ ఉంది!" అని గుసగుస పైకప్పు అదిరేలా అరిచిందట. విన్నాను. ఆ అరుపు ఎవరిదో తెలియక చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను కూడా. ఆ రోజు నుంచి ఆ గదిలో దానంత గొంతు ఇంకెవరికీ లేదు. గడప దాటి వరండాలోకి వస్తే మళ్ళీ గుసగుసే. అయితే చీటీ చూపించి చదవమంటే మాత్రం తల అడ్డంగా ఊపేది. కథలు చెప్పేది, నవ్వేది, పాడేది, అక్షరం దగ్గరకొచ్చేసరికి బిగుసుకుపోయేది. డబ్బాల టీచర్ చెయ్యని ప్రయత్నం లేదు.

ఈ ఏడాది బడి తెరిచాక ప్రోగ్రాం మేడమ్ వచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, కానీ మాట్లాడేటప్పుడు మనుషుల మొహాలు చూడదు. అప్పటికి అవతలి గదిలో మిగిలింది గుసగుసా, ఇంకో ఇద్దరు పిల్లలూ. ఆ ఇద్దరూ నేడో రేపో గడప దాటేవాళ్ళే. కింది తరగతుల పిల్లలకు చదువు బాగానే వస్తోంది, కొత్తగా పంపడానికి ఎవరూ లేరు. మేడమ్ పెద్దసారు గదిలో చెప్పింది ఇదీ: అర్ధసంవత్సరం సెలవుల లోపల గుసగుస చదివి చూపించాలి. చూపించకపోతే దాన్ని వేరే ఊళ్ళో ఉన్న ప్రత్యేక హాస్టల్ బడికి పంపాలి. చూపిస్తే ఇక గదిలో పిల్లలుండరు కాబట్టి గది మూసేసి డబ్బాల టీచర్ని ఇంకో బడికి పంపాలి.

తండ్రిని పిలిపించారు. నిద్రకళ్ళతో వచ్చి గోడవార నిలబడ్డాడు. "రాత్రుళ్ళు ఒక్కత్తీ పడుకుంటోంది మేడమ్. పక్కింటామె కనిపెట్టుకుని ఉంటుందనుకోండి. హాస్టల్లో అయితే చుట్టూ మనుషులుంటారు కదా" అన్నాడు. అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. పంపాలని ఆయనకు లేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. వద్దనే ధైర్యం లేదు, అంతే.

బయటికొచ్చాక డబ్బాల టీచర్ వరండా స్తంభాన్ని ఆనుకుంది. "చదివితే నేను పోవాలి. చదవకపోతే అది పోవాలి. ఎటు చూసినా ఇద్దరం ఒకచోట ఉండం కదక్కా."

"నువ్వు పోతే ఇంకో బడిలో ఉంటావు. అది పోతే ఆ తండ్రి ఏమైపోతాడు?" అన్నాను.

"అదే నేననేదీ. అది వాళ్ళ నాన్న దగ్గరే ఉండాలి. నేను చదివిస్తా" అని కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

తర్వాత సంగతి నా కళ్ళ ముందే జరిగింది. ఆ వారం కొట్టు ఆట. పిల్లలు కౌంటర్ వెనక పనివాళ్ళు, ఎవరైనా పెద్దవాళ్ళు బేరానికి రావాలి. నా క్లాసు పిల్లలు డ్రిల్లుకి పోయారు కనక నన్ను లాక్కుపోయింది. గుసగుస ఎప్పుడూ డబ్బాల్ని సొట్టల గుర్తుతో తెచ్చేది, అంచు వంగింది గుండీలది, బొడిపె తేలింది గవ్వలది అని. అయితే ఆ పొద్దున డబ్బాల టీచర్ వాటిని తుప్పు వదిలేలా తోమి, ఎండబెట్టి, ఏది చేతికొస్తే దాంట్లో ఏది పడితే అది పోసేసి, మూతల మీద కొత్త చీటీలు అంటించింది. సొట్టల గుర్తులు ఇక పనికిరావు. ఆ మాట పిల్లలకు చెప్పడం మర్చిపోయింది.

నేను ఊరికే ఉంటానా! "ఏయ్, తాళంచెవులు తే! త్వరగా! గవ్వలేవీ? ఈ కొట్లో పనివాళ్ళు బద్ధకస్తులు!" అని నా ఉరుము గొంతుతో అదరగొట్టేశాను. పిల్లలు కిందా మీదా పడి పరుగులు. గుసగుస నవ్వుతూ, రొప్పుతూ తెచ్చి నా ముందు పెట్టింది, తాళంచెవులు, గవ్వలు, రీళ్ళు. ఒక్కటీ తప్పు పోలేదు. ఒక్క మూతా తియ్యలేదు, ఒక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకోలేదు. నాకు చప్పున వెలగలేదు. డబ్బాల టీచర్ మొహం చూసి వెలిగింది. ఆవిడ మిగతా ఇద్దర్నీ ఆడుకోమని పంపేసింది.

"ఇలా రా తల్లీ. మూత తియ్యకుండా ఇందులో గవ్వలున్నాయని ఎలా తెలిసింది?"

గుసగుస కాలి బొటనవేలు చూసుకుంది. "ఊపి చూశా."

"ఎప్పట్నుంచి వచ్చు నీకు చదవడం?"

 తాళంచెవుల నాటి అరుపు తర్వాత ఆ గదిలో మొదటిసారి గుసగుసగా, "పోయిన ఎండాకాలం ముందు నుంచి" అంది.

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్తే గడప దాటమంటారుగా."

ఓసి పిల్లా! ఇన్నాళ్ళూ మమ్మల్నందర్నీ బుట్టలో వేసిందే అని నవ్వొచ్చింది.  డబ్బాల టీచర్ నవ్వలేదు. దాన్ని ఒళ్ళోకి లాక్కుని హాస్టల్ సంగతి చెప్పింది. చదవకపోతే నాన్నను వదిలి పోవాలని విడమరిచి చెప్పింది. గుసగుస అంతా విని ఒకటే అడిగింది. "నేను గడప దాటితే మీరు?"

"నేనెక్కడికి పోతాను? ఈ గోడకి ఇవతల నేను, అవతల నువ్వు. నువ్వు అక్కడ గట్టిగా చదివితే నాకు ఇక్కడ వినపడుతుంది. వినపడగానే టక్ టక్ మని కొడతా."

"రోజూనా?"

"రోజూ."

"ఎన్నాళ్ళు?"

"నీకు విసుగొచ్చేదాకా."

నేను ఆవిడ్ని చెయ్యి పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చాను. "నీకేమైనా మతి పోయిందా? పసిపిల్లకు అంత అబద్ధం చెప్తావా?"

"నేను పోతున్నానంటే అది నోరు విప్పదక్కా. విప్పకపోతే హాస్టల్. మీరే చెప్పండి, ఏం చెప్పను?" అంది. అందరి మీదా అరిచే నేను ఆవిడ చెయ్యి వదిలేశాను. "సెలవుల ముందు నిజం చెప్పేస్తాలెండి, నేనే మెల్లగా చెప్తా" అంది. చెప్పలేకపోయింది. చెప్పడానికి దాన్ని దగ్గరకు పిలవడం, పిలిచి రిబ్బను సరిచేసి పంపెయ్యడం, నేను చూస్తూనే ఉన్నాను.

మిగతా ఇద్దరూ అప్పటికే గడప దాటేశారు. గుసగుస గడప రోజున తండ్రి నిద్ర మానుకుని వచ్చాడు. ప్రోగ్రాం మేడమ్ వచ్చింది. గుసగుస గడప మీద నిలబడి, పుస్తకం గుండెల ఎత్తున పట్టుకుని చదివింది. ఆ గొంతు వరండా దాటి గేటు దాకా పోయింది. గేటు దగ్గర తాత కూడా లేచి నిలబడ్డాడు. తండ్రి నా వైపు వంగి, "ఇది మా పిల్ల గొంతేనా మేడమ్?" అని అడిగాడు. ఇన్నేళ్ళుగా ఒకే గదిలో బతుకుతున్న మనిషి! నాకు ఏడుపు ఆగలేదు. అందరికంటే చివరిదాకా చప్పట్లు కొట్టింది డబ్బాల టీచర్. పిల్ల గడప దాటి నా క్లాసులోకి రాగానే ఆవిడ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

సెలవుల దాకా మిగిలిన కొద్ది రోజులూ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. గుసగుస గోడ పక్క బెంచీ ఎంచుకుంది. లేచి చదివేది, ఆగేది. అవతల నుంచి టక్ టక్. దాని మొహం వెలిగిపోయేది. ఖాళీ గదిలో, పిల్లలెవరూ లేని గదిలో, ఆవిడ ఆ చప్పుడు చెయ్యడానికే గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుందని దానికి తెలియదు. నాకు తెలుసు.

సెలవులైపోయి బడి తెరిచేసరికి అవతలి గదికి తాళం. బోర్డు లేదు. కాళ్ళు విరిగిన బెంచీలు మళ్ళీ లోపలికి చేరాయి. డబ్బాల టీచర్ని రోజంతా బస్సులో పోతే గానీ చేరని ఊళ్ళో బడికి వేశారు. గుసగుస మొదటిరోజు మామూలుగానే లేచి గట్టిగా చదివింది. చదివి ఆగి, గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. ఎంతసేపటికీ కూర్చోదు. "టీచర్ని వేరే బడికి పంపారమ్మా, కూర్చో" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

మధ్యాహ్నం అది తిన్నగా పెద్దసారు గదికి పోయి, ఆ గది ఎప్పుడు తెరుస్తారని అడిగిందట. ఆయన ఏవో సంతకాల్లో మునిగి ఉండి, తలెత్తకుండానే, "మళ్ళీ చదవడం రాని పిల్లలెవరైనా ఉంటే తెరుస్తాంలే" అన్నారట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే అప్పుడే పోయి ఆయన్ని దులిపేసేదాన్ని.

ఆ వారం నుంచే గుసగుస చదువు సన్నగిల్లడం మొదలైంది. ముందు తడబాటు. తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కోవడం. తర్వాత అదీ లేదు, పుస్తకం పట్టుకుని తల అడ్డంగా ఊపడం. గొంతు కూడా మళ్ళీ లోపలికి పోయింది. నేను బుజ్జగించాను, కోప్పడ్డాను, ఉరిమాను. కదిలితేగా! డబ్బాల టీచర్ ఫోన్ చేసి గుసగుస ఎలా ఉందని అడిగితే, ఆవిడ అక్కడ కుమిలిపోతుందని "బాగుంది" అనేసేదాన్ని.

ఒకరోజు పిల్లలంతా ఆటలకు పోయాక అది నా టేబుల్ దగ్గరకొచ్చింది. నేనేదో తప్పులు దిద్దుకుంటున్నాను.

"టీచర్, నేను మొత్తం మర్చిపోయా."

"ఏంటే మర్చిపోయింది?"

"చదవడం. ఒక్క అక్షరం కూడా రావట్లేదు. మీరు పెద్దసారుకి చెప్తారా? ఇప్పుడు చదవడం రాని పిల్ల ఉందని. గది తెరవమని."

 గది తెరుస్తారని నీకెవరు చెప్పారే అని అడిగితే, పెద్దసారు అన్న మాట అప్పుడు చెప్పింది.  ఏ హాస్టల్ తప్పించడానికి ఆ మనిషి అంత అబద్ధం ఆడిందో, ఈ పిల్ల ఆ హాస్టల్ వైపే తిన్నగా నడుస్తోంది, ఆవిడ కోసం. ఇక నా వల్ల కాదనుకుని అక్కడే, అప్పుడే డబ్బాల టీచర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను.  "దానికివ్వండక్కా" అంది.

ఆవిడది ఎప్పుడూ పెద్ద గొంతే. ఫోన్ దాని చెవి దగ్గరున్నా నాకు ప్రతి మాటా వినపడుతూనే ఉంది.

"బంగారం, నేనమ్మా."

"టీచర్, నాకేమీ రావట్లేదు. వచ్చెయ్యండి."

"వినపడట్లేదు తల్లీ. గట్టిగా చెప్పు."

"నాకు చదవడం రావట్లేదు! వచ్చెయ్యండి!" అని అరిచింది. లోపలికి పోయిన దాని గొంతు నేను మళ్ళీ వినడం అప్పుడే. అవతల డబ్బా మూత ఏదో కిందపడ్డ చప్పుడు, ఎవరో పిల్లల నవ్వులు.

"నేను అబద్ధం చెప్పానమ్మా" అంది డబ్బాల టీచర్. "నేను పోతానని నాకు అప్పుడే తెలుసు. నువ్వు హాస్టల్‌కి పోకూడదని అలా చెప్పాను. నువ్వు చదివినా ఆ గది తెరవరు. చదవకపోయినా తెరవరు. నేను రాలేను. చదవకపోతే నాన్న దగ్గర నుంచి నిన్ను తీసుకుపోతారు, అంతే. అర్థమైందా?"

గుసగుస గోడ వైపు చూసింది. "మరి గోడ అవతల?"

"ఎవరూ లేరు తల్లీ."

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, దగ్గరకు తీసుకునేదాన్ని. ఫోన్ రెండు చేతులతో నాకిచ్చేసి, "అయిపోయింది టీచర్, మంచినీళ్ళు తాగొస్తా" అని బయటికి పోయింది. చెవి దగ్గర పెట్టుకుంటే డబ్బాల టీచర్ ఏడుపు. గొంతు దాచుకోకూడదని పిల్లలకు నేర్పిన మనిషి కదా, అక్కడి పిల్లల ముందే భోరుమని ఏడుస్తోంది. "అక్కా, ఏం చేస్తోంది? ఏడుస్తోందా?" అని ఒకటే అడగడం. మంచినీళ్ళు తాగుతోందని చెప్పాను.

మర్నాడు నేను క్లాసుకి వచ్చేసరికి గోడ పక్క బెంచీ మీద గుసగుస సంచి లేదు. అది నడిమి వరసలోకి మారి కూర్చుంది. పాఠం ఎవరు చదువుతారని నేను అడగనే లేదు, అదే లేచింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఒక్క చోట ఆగకుండా, ఒక్క తప్పు లేకుండా, క్లాసంతా మారుమోగేలా చదివింది. గోడ వైపు తలైనా తిప్పలేదు. పిల్లలు పాత అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. 

దగ్గరకు పోయి తల మీద చెయ్యి వేశాను. ఇంత బాగా చదివావే అని అనబోయాను. అది పుస్తకం మూసి, తలెత్తి, నాకొక్కదానికే వినపడేలా చెప్పింది.

"ఇంక చదవడం రానట్టు ఉండక్కర్లేదుగా టీచర్."